వీకెండ్‌కి ఒక రాజభవనం: ఫలక్‌నుమా, చౌమహల్లా, చంద్రగిరి, మైసూరు, చెట్టినాడుల్లో మీకు ఏది?

మైసూరు ప్యాలెస్‌లో కల్యాణ మంటపం పైన ఉన్న రంగుల గాజు కప్పుని అమ్మకి చూపించాను. అమ్మ తలెత్తి చూసింది, బాగుందంది, ఆ తర్వాత మెల్లగా అడిగింది: "అంతా సరేగానీ, వీళ్లు పొద్దున్నే లేచి కాఫీ ఎక్కడ కూర్చుని తాగేవాళ్లంటావ్?" నా దగ్గర జవాబు లేదు. వెనక నుంచి జనం వస్తూనే ఉన్నారు, తాడు కట్టిన దారి వెంట మేమూ ముందుకు నడిచాం.

రెండేళ్ల తర్వాత చెట్టినాడులో, అంటే తమిళనాడులో కారైకుడి చుట్టుపక్కల ప్రాంతంలో, ఒక పాత ఇంట్లో దిగాం. తెల్లవారి ఆరింటికి నేను లేచేసరికి అమ్మ లోగిలి అరుగు మీద కూర్చుని ఉంది. వీపు టేకు స్తంభానికి ఆనించి, ఇత్తడి గ్లాసులో కాఫీ ఊదుకుంటూ తాగుతోంది. పైన చదరంగా కనిపిస్తున్న ఆకాశం అప్పుడే తెల్లబడుతోంది. ఆ పూట అమ్మ ఏ ప్రశ్నా వేయలేదు.

మైసూరు గొప్పదే, చెట్టినాడు గొప్పదే. కానీ ఒకటి చూసే చోటు, ఇంకోటి ఉండే చోటు. వీకెండ్‌కి ప్యాలెస్‌కి వెళ్దామనుకునేవాళ్లు ఎక్కువగా నిరాశపడేది ఈ తేడా ముందే తేల్చుకోకపోవడం వల్ల. ఫొటోలో బాగున్న చోటుకి టికెట్లు తీసేస్తారు, తీరా అక్కడికి వెళ్లాక తమకు కావలసింది ఇది కాదని తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి రెండు రోజుల్లో వెళ్లిరాగల ఐదు చోట్లని ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను. ఐదింటికీ వెళ్లాను, కొన్నిటికి ఒకటికి రెండుసార్లు.

## ముందు తేల్చుకోవలసినవి

మొదటిది పైన చెప్పిందే: చూడటమా, ఉండటమా? చూడటానికైతే మూడు నాలుగు గంటలు చాలు, ఖర్చు తక్కువ, ఎంత పెద్ద ప్యాలెస్ అయినా పరవాలేదు. ఉండటానికైతే భవనం చిన్నదైనా సరే, రాత్రి అక్కడ నిద్రపోవాలి, పొద్దున్నే ఖాళీ వసారాలో తిరగాలి. పాత ఇళ్లు నిజంగా కనిపించేది జనం లేని ఆ రెండు పూటలే, సూర్యోదయానికి ముందూ దీపాలు పెట్టే వేళా.

రెండోది ప్రయాణం. నేను ఒక లెక్క పెట్టుకున్నాను. మెలకువగా ఉండే ప్రయాణం ఒకవైపు ఐదు గంటలు దాటితే అది వీకెండ్ కాదు. రాత్రి ట్రైన్‌లో బెర్త్ మీద నిద్రపోయిన గంటల్ని మాత్రం ఇందులో కలపను.

మూడోది మెట్లు. రాజుల భవనాలు మోకాళ్ల నొప్పులున్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని కట్టినవి కావు. ఎత్తు గడపలు, ఇరుకు రాతి మెట్లు, చెప్పులు విప్పి నడవాల్సిన పొడవాటి హాళ్లు ఉంటాయి. పెద్దవాళ్లు వెంట ఉంటే మీ టూర్ ఎలా సాగాలో నిర్ణయించేది ఇదే.

నాలుగోది వారం. దీన్ని ఎవరూ పట్టించుకోరు. హైదరాబాద్ పాతబస్తీలోని చౌమహల్లాకి శుక్రవారం సెలవు. తిరుపతి దగ్గర చంద్రగిరిలోని రాజమహల్ మ్యూజియం కూడా శుక్రవారం మూసే ఉంటుంది. మైసూరు ప్యాలెస్ దీపాలు పూర్తిగా వెలిగేది ఆదివారాలు, ప్రభుత్వ సెలవు రోజులు, దసరా రోజుల్లో. అమెరికా నుంచి వచ్చిన మా పెదనాన్న కూతురిని నేను ఒక శుక్రవారం చౌమహల్లాకి తీసుకెళ్లాను. మూసిన గేటు చూసి వెనక్కి వచ్చాం. తనకి మర్నాడే తిరుగు ఫ్లైట్. ఇప్పటికీ ఆ ప్యాలెస్ చూడలేదు.

ఇక డబ్బు. వీటి మధ్య తేడా కొద్దిపాటిది కాదు. ఒకచోట చిల్లరతో పని అయిపోతుంది, ఇంకోచోట ఒక రాత్రికి నెల జీతంలో పెద్ద ముక్క పోతుంది.

| చోటు | చూడటమా, ఉండటమా | హైదరాబాద్ నుంచి | ఖర్చు | పెద్దవాళ్లకి | గుర్తుంచుకోవలసింది |
|---|---|---|---|---|---|
| ఫలక్‌నుమా | రెండూ | ఊళ్లోనే | చాలా ఎక్కువ | సుఖం | బుకింగ్ లేకుండా గేటు దాటలేరు |
| చౌమహల్లా | చూడటం | ఊళ్లోనే | చాలా తక్కువ | పరవాలేదు | శుక్రవారం సెలవు |
| చంద్రగిరి | చూడటం | తిరుపతికి రాత్రి ట్రైన్ | చిల్లర | ఎండ, రాతి మెట్లు | శుక్రవారం మ్యూజియం ఉండదు |
| మైసూరు | చూడటం, పక్కన ఉండటం | రాత్రి ట్రైన్, లేదా బెంగళూరు మీదుగా | మధ్యస్థం | నడక ఎక్కువ | దీపాలు ఆదివారం |
| చెట్టినాడు | ఉండటం | మదురైకి ఫ్లైట్, ఆపైన కారు | మధ్యస్థం నుంచి ఎక్కువ | కింది గది అడగాలి | ఎండాకాలం వద్దు |

## ఫలక్‌నుమా: ఒక రాత్రి, లేదా ఒక సాయంత్రం

నిజాంల కొలువులో పెద్ద హోదా ఉన్న 'పైగా' అనే వంశానికి చెందినవాడు, హైదరాబాద్ సంస్థాన ప్రధాని అయిన వికారుల్ ఉమ్రా తన కోసం కట్టించుకున్న భవనం ఇది. 1884లో పునాది వేశారు. పూర్తవడానికి దాదాపు పదేళ్లు పట్టింది. పైనుంచి చూస్తే తేలు ఆకారంలో ఉంటుంది. దీని ఖర్చు ఆయన్నే కుంగదీసిందని చెబుతారు. చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్లింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడ బస చేశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు తలుపులు మూసే ఉన్నాయి. తాజ్ గ్రూపు ఏళ్ల తరబడి మరమ్మతులు చేయించి 2010లో హోటల్‌గా తెరిచింది.

ఇక్కడ బస చేస్తే కింద గేటు దగ్గర కారు దిగి గుర్రపు బగ్గీలో కొండ మీదికి వెళ్తారు. మెట్లెక్కుతుంటే పైనుంచి గులాబీ రేకులు చల్లుతారు. కొందరికి ఇది అతి అనిపిస్తుంది. నాకు అలా అనిపించలేదు. వచ్చిన అతిథికి ఆ ఇంట్లో జరిగిన మర్యాదే ఇప్పుడూ జరుగుతోంది. లోపల 101 మంది ఒకేసారి కూర్చుని తినగల భోజనాల బల్ల ఉంది. 2017లో ప్రధాని మోదీ ఇవాంకా ట్రంప్‌కి విందు ఇచ్చింది ఈ బల్ల మీదే. ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో ఉన్న లైబ్రరీని చూసి చేయించిన చెక్క కప్పుతో లైబ్రరీ కూడా ఉంది. నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం వెనక వైపు వరండా. చీకటి పడుతుంటే అక్కడ నిలబడండి, పాతబస్తీ దీపాలు ఒక్కొక్కటీ కింద వెలుగుతాయి. "ఫలక్" అంటే ఆకాశం. ఆ పేరు ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమవుతుంది.

గది అద్దె ఐదంకెల్లో ఉంటుంది, అదీ పెద్ద ఐదంకెల్లో. అంత పెట్టగలిగినవాళ్లు ఒక్క రాత్రి చాలనుకోండి. కానీ ఆ ఒక్క రాత్రినీ పూర్తిగా ఇక్కడే గడపండి. మధ్యాహ్నం చెకిన్ చేసి, సాయంత్రం మాల్‌కి వెళ్లి, రాత్రి పదింటికి వచ్చి పడుకుంటే మీరు కొన్నది పరుపు మాత్రమే. బస చేసేవాళ్లకి సాయంత్రం ప్యాలెస్ అంతా తిప్పి చూపిస్తారు, అది అస్సలు వదులుకోవద్దు.

అంత పెట్టలేకపోయినా దారి ఉంది. ముందే బుక్ చేసుకుంటే జేడ్ రూమ్ అనే హాల్లో సాయంత్రం హై టీకి, అంటే చిరుతిళ్లతో ఇచ్చే టీకి, వెళ్లొచ్చు. అది కూడా ఖరీదైనదే, అయినా గది అద్దెతో పోలిస్తే చిన్న మొత్తం. ఒక సాయంత్రం, ఒక వరండా, ఒక కప్పు టీ. మా పెళ్లిరోజుకి మేం అలాగే వెళ్లాం. గది తీసుకోలేదన్న వెలితి మాకు కలగలేదు. కాకపోతే బుకింగ్ లేకుండా "ఊరికే ఒకసారి చూసొద్దాం" అని వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు.

## చౌమహల్లా: చవకగా, దగ్గరగా, అందరికీ

హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లుగా ఉంటూ చౌమహల్లా చూడనివాళ్లు నాకు డజను మంది తెలుసు. చార్మినార్ దాకా వెళ్తారు, గాజులు కొంటారు, బిర్యానీ తింటారు, వెనక్కి వచ్చేస్తారు. అక్కడి నుంచి చౌమహల్లా నడిచి వెళ్లేంత దూరమే.

1750లో సలాబత్ జంగ్ కాలంలో మొదలుపెట్టి, ఐదో నిజాం అఫ్జలుద్దౌలా పాలనలో, అంటే 1857-69 మధ్య పూర్తి చేశారు. నాలుగు మహళ్లున్నాయి కాబట్టి చౌమహల్లా. అసఫ్‌జాహీల, అంటే నిజాంల వంశం దర్బారు జరిగిన ఖిల్వత్ హాల్లో 19 బెల్జియం షాండ్లియర్లు వేలాడుతుంటాయి. వాటి కింద పాలరాతి గద్దె ఉంటుంది. బాగా పాడైపోయిన ఈ భవనాల్ని జాగ్రత్తగా బాగుచేయించి జనం కోసం తెరిచారు. ఆ పనికి 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది.

పిల్లలున్న ఇంటికి నా మొదటి ఓటు దీనికే. పరిగెత్తడానికి తోట ఉంది, మధ్యలో నీళ్ల కొలను ఉంది, నిజాంల కార్లున్నాయి. ఆ కార్లలో 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కూడా ఉంది. మా చెల్లెలి కొడుక్కి షాండ్లియర్లు ఒక్కటీ గుర్తులేవు, ఆ కారు మాత్రం ఇప్పటికీ బొమ్మ గీసి చూపిస్తాడు. పెద్దవాళ్లకి కూడా పరవాలేదు. మెట్లు తక్కువ, కూర్చోవడానికి నీడ దొరుకుతుంది.

ఇబ్బందల్లా అక్కడికి చేరుకోవడంలోనే. కారు తీసుకెళ్తే పాతబస్తీ ట్రాఫిక్‌లో, పార్కింగ్ టెన్షన్‌లో సగం ఓపిక అయిపోతుంది. మెట్రోలో ఎంజీబీఎస్ దాకా వెళ్లి ఆటో మాట్లాడుకోండి. ఉదయం పదింటికి తెరిచే సమయానికి అక్కడ ఉంటే మొదటి గంట ఖిల్వత్ హాలు దాదాపు మీ సొంతం. పన్నెండు దాటాక స్కూలు పిల్లల బస్సులు, సెల్ఫీ గుంపులు వచ్చేస్తాయి, మళ్లీ ఆ నిశ్శబ్దం దొరకదు.

టికెట్ సినిమా టికెట్ కన్నా తక్కువే. అయితే ఇది రాత్రి ఉండే చోటు కాదు. వీకెండ్ మొత్తం దీని మీద పెట్టుకోకండి, ఒక పూట ఇవ్వండి. ఊరికి వచ్చిన చుట్టాలకి ఒక్క రోజే ఉంటే నేను చేసేది ఇది: ఉదయం చౌమహల్లా, చార్మినార్ పక్కన ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్, సాయంత్రం ఫలక్‌నుమాలో హై టీ. నిజాం దర్బారూ, నిజాం అతిథిగృహమూ ఒకే రోజు చూసినట్టవుతుంది.

## చంద్రగిరి: తిరుపతి వెళ్లేవాళ్లు వదిలేసే చోటు

మనలో చాలామంది జీవితంలో పదిసార్లయినా తిరుపతి వెళ్తాం. తిరుపతికి పదిహేను కిలోమీటర్ల లోపే ఉన్న చంద్రగిరికి ఒక్కసారీ వెళ్లం. దర్శనం అయ్యాక ట్రైన్‌కి ఐదారు గంటలు ఉంటే హోటల్ గదిలో పడుకుంటాం. ఆ ఐదారు గంటలు దీనికి ఇవ్వండి.

సాళువ నరసింహరాయలు విజయనగర సింహాసనం ఎక్కకముందు ఏలింది ఈ చంద్రగిరినే. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత హంపి పాడుపడింది. రాజధాని ముందు పెనుకొండకి, ఆ తర్వాత చంద్రగిరికి మారింది. అంటే మనం హంపిలో చూసే కథకి చివరి అధ్యాయం ఇక్కడే నడిచింది. మద్రాసులో కోట కట్టుకోవడానికి ఈస్టిండియా కంపెనీకి 1639లో అనుమతి దొరికింది కూడా ఈ రాజుల హయాంలోనే.

కొండ పాదం దగ్గర రాజమహల్ మూడంతస్తుల్లో నిలబడి ఉంటుంది, పక్కనే రాణీమహల్. రాజమహల్‌ని రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, ఎక్కడా కలప వాడలేదు. లోపలికి వెళ్లాక ఒక్కసారి పైకి చూడండి. దూలాలు కనిపించవు, కమానుల మీద కమానులే బరువంతా మోస్తుంటాయి. హంపిలో రాజుల నివాసాల్లో చాలావరకు మిగిలింది పునాదులే. విజయనగర రాజులు ఎలాంటి మేడల్లో ఉండేవారో పైకప్పుతో సహా చూడాలంటే ఇలాంటివి కొన్నే ఉన్నాయి. పురావస్తు శాఖ ఇందులో మ్యూజియం నడుపుతోంది. శిల్పాలు, కంచు విగ్రహాలు ఉన్నాయి.

దీన్ని ఫలక్‌నుమాతో పోల్చకూడదు. ఇక్కడ షాండ్లియర్ లేదు, వెల్వెట్ సోఫా లేదు, కాఫీ షాపు లేదు. ఊహించుకోగలిగినవాళ్లకి మాత్రం బోలెడంత ఉంది. చరిత్ర ఇష్టమున్నవాళ్లు, డిగ్రీ చదివే పిల్లలు, పోటీ పరీక్షలకి తయారయ్యేవాళ్లు ఇక్కడ గంటలు గడపగలరు. ఏడెనిమిదేళ్ల పిల్లలకి అరగంటలో విసుగు వస్తుంది, తోటలో ఆడుకోనివ్వండి. పెద్దవాళ్లయితే కింది అంతస్తు చూసి చెట్టు కింద కూర్చోవచ్చు, పైకి వెళ్లే మెట్లు వాళ్లకి కష్టం. ఎండ ముదరకముందే, ఉదయం పూట వెళ్లడం మంచిది.

హైదరాబాద్ నుంచి చంద్రగిరి కోసమే వెళ్లమని నేను చెప్పను. తిరుపతి టూర్‌కి జత చేయండి. అప్పుడు ఈ ఐదింటిలో పెట్టిన డబ్బుకి ఎక్కువ దక్కేది ఇక్కడే.

## మైసూరు: వైభవం కావాలంటే

నిజంగా కళ్లు చెదరాలంటే మైసూరే. 1897లో రాజకుమారి పెళ్లి సంబరాల్లో నిప్పంటుకుని పాత చెక్క ప్యాలెస్ కాలిపోయింది. దాని చోట హెన్రీ ఇర్విన్ గీసిన నమూనాతో 1912 నాటికి ఈ ప్యాలెస్ పూర్తయింది, ఆ రోజుల్లోనే 41 లక్షలు దాటిన ఖర్చు. కల్యాణ మంటపానికి నెమళ్ల బొమ్మలున్న గాజు కప్పు గ్లాస్గో నుంచి వచ్చింది. లోపలికి వెళ్లగానే బొమ్మల మంటపం ఉంటుంది, వాళ్లు గొంబె తొట్టి అంటారు. దసరాకి ఇంట్లో బొమ్మల కొలువు పెట్టే మనవాళ్లు అక్కడ కాస్త ఆగకుండా ఉండలేరు.

రాత్రి సుమారు లక్ష బల్బులు ఒక్కసారిగా వెలిగినప్పుడు మైదానంలో వేలమంది ఒకేసారి "ఆ..." అంటారు. ఫొటోలో ఎన్నిసార్లు చూసినా ఆ శబ్దం తెలియదు. ఇది పూర్తిగా చూడాలంటే ఆదివారం గానీ సెలవు రోజు గానీ అక్కడ ఉండాలి. హైదరాబాద్ వాళ్లకి చిక్కంతా ఇక్కడే: ఆదివారం రాత్రి దీపాలు చూసి సోమవారం పొద్దున ఆఫీసులో కూర్చోవడం జరిగే పని కాదు. సోమవారం సెలవు పెట్టండి, లేదా శనివారం ప్రభుత్వ సెలవు పడిన వారం చూసుకోండి. బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకి ఈ బాధ లేదు. ఆదివారం మధ్యాహ్నం బయలుదేరి, దీపాలు చూసి, రాత్రికి ఇల్లు చేరొచ్చు.

జనం మాత్రం విపరీతం. చెప్పులు విప్పి, వరసలో, ఒకే దిశలో నడవాలి. నచ్చిన చోట పది నిమిషాలు నిలబడనివ్వరు. అమ్మ కాఫీ ప్రశ్నకి జవాబు దొరకనిది ఇందుకే. ఆదివారం పగలు లోపలికి, రాత్రి దీపాలకి, రెండూ ఒకే రోజు పెట్టుకుంటే కాళ్లు పడిపోతాయి. శనివారం ఉదయం తలుపులు తీయగానే లోపల చూసేయండి, ఆదివారం సాయంత్రం బయట నుంచి దీపాలు చూడండి. మధ్యలో పిల్లలకి 1892 నాటి మైసూరు జూ ఉంది, ప్యాలెస్‌కి దగ్గరే.

మైసూరులో ఉండటం కూడా కావాలంటే లలిత మహల్ ఉంది. వైస్రాయ్ బస కోసం మైసూరు మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు 1921లో పునాది వేసి కట్టించిన తెల్లటి భవనం, తర్వాత హోటల్ అయింది. ఫలక్‌నుమా మెరుపు ఇక్కడ ఆశించకండి. ఇది పాత పద్ధతి హోటల్, గదులూ అలాగే ఉంటాయి. మరమ్మతులేమైనా నడుస్తున్నాయేమో ఫోన్ చేసి కనుక్కున్నాకే డబ్బు కట్టండి.

## చెట్టినాడు: నా మనసున్నది ఇక్కడ

దీనికి నేను పక్షపాతినని ముందే చెప్పేస్తున్నాను. మా అమ్మమ్మగారి ఊళ్లో, గోదావరి పక్కన, మండువా లోగిలి ఉండేది. నా చిన్నప్పుడే దాన్ని పడగొట్టి డాబా కట్టారు. వాన పడితే నాలుగు వైపుల నుంచీ చూరు నీళ్లు మధ్య వాకిట్లోకి ధారలుగా పడటం, మేం చేతులు చాపి తడుపుకోవడం గుర్తుంది. ఆ వాకిలిని నేను మళ్లీ చూసింది తమిళనాడులో కారైకుడి పక్కన కానాడుకాత్తాన్‌లో.

నగరత్తార్లు అనే చెట్టియార్లు బర్మా, సిలోన్, మలయా దేశాల్లో వడ్డీ వ్యాపారం చేసి సంపాదించారు. ఆ డబ్బుతో పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి 1940ల దాకా సొంత ఊళ్లలో ఇళ్లు కట్టించారు. బర్మా టేకు, ఇటలీ పాలరాయి, బెల్జియం అద్దాలు ఓడల్లో తెప్పించుకున్నారు. ఇల్లు ఒక వీధిలో మొదలై వెనక వీధిలో ముగుస్తుంది. వీధి గుమ్మంలో నిలబడితే వరస తలుపుల గుండా పెరటి గుమ్మం కనిపిస్తుంది. లోపలి వాకిలి చుట్టూ గదులు, పెళ్లైన ఒక్కో కొడుకు కుటుంబానికి ఒక్కో గది. గోడలు చేత్తో తాకి చూడండి. సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, బెల్లం, కరక్కాయ కలిపి నూరి పూసిన గోడలవి, వందేళ్ల తర్వాత కూడా నున్నగా, చల్లగా ఉన్నాయి. మన పాత ఇళ్ల డంగు సున్నం తెలిసినవాళ్లకి ఆ చల్లదనం కొత్త కాదు.

అలాంటి ఇళ్లు కొన్ని ఇప్పుడు అతిథుల్ని ఉంచుకుంటున్నాయి. కానాడుకాత్తాన్‌లో విశాలం అనే ఇల్లు ఒక తండ్రి కూతురి కోసం కట్టించింది. కారైకుడిలో ది బంగ్లా భోజనానికి పేరు మోసింది. చిదంబర విలాస్, శారద విలాస్ కూడా ఉన్నాయి. గది అద్దె ఫలక్‌నుమాలో పడే దానిలో చిన్న భాగమే. మీరిచ్చే ఆ అద్దె వల్లే ఆ ఇంటి పైకప్పు పెంకులు మారుతున్నాయి. ఈ ఐదింటిలో మీ డబ్బు ఇంత నేరుగా ఇంటికే చేరేది ఇక్కడ ఒక్కచోటే.

భోజనం అరిటాకులో పెడతారు. కుళి పణియారం పెట్టినప్పుడు అమ్మ "ఇవి మన గుంతపొంగనాలే" అంది. మధ్యాహ్నం ఆ భోజనం చేశాక సాయంత్రం దాకా వాకిట్లో కునుకు తీయడం తప్ప వేరే ప్లాన్ పెట్టుకోవద్దు.

రెండో రోజు ఉదయం ఆత్తంగుడి వెళ్లండి. అక్కడ నేల పలకలు ఇంకా చేత్తోనే చేస్తున్నారు. చతురస్రంగా కోసిన గాజు పలక మీద లోహపు అచ్చు పెడతారు. పూల ఆకారంలో ఉన్న గళ్లలో రంగు కలిపిన సిమెంటు నీళ్లు చిన్న గరిటెతో పోస్తారు, ఒక్కో గడికి ఒక్కో రంగు. అచ్చు మెల్లగా పైకి తీసేస్తారు, రంగులు ఒకదాంట్లో ఒకటి కలవవు. దాని మీద పొడి ఇసుక, సిమెంటు చల్లి, పైన తడి ముద్ద పరిచి చదును చేస్తారు. ఆరాక నీళ్ల తొట్టిలో నానబెడతారు. గాజు నుంచి విడదీస్తే ఆ గాజుకి ఆనుకున్న ముఖమే అద్దంలా మెరుస్తుంది. కొలిమి ఉండదు, కాల్చడం ఉండదు. మేం వెళ్లినరోజు చేస్తున్నాయన ఒక్కసారి కూడా తల ఎత్తకుండా అరగంటలో ఎన్నో పలకలు చేశాడు.

ఒక దుఃఖం కూడా ఉంది. వేలకొద్దీ ఇళ్లలో చాలావాటికి తాళాలే. ఏడాదికోసారి పెళ్లికో పండగకో కుటుంబం వస్తుంది, మళ్లీ తాళం పడుతుంది. పంచుకోలేక పడగొట్టిన ఇళ్ల స్తంభాలు, తలుపులు, గిన్నెలు కారైకుడి పాత సామాన్ల దుకాణాల్లో అమ్ముతారు. అక్కడ ఒక దుకాణంలో ఫ్రేముతో సహా ఒక కుటుంబం గ్రూప్ ఫొటో గోడకి ఆనించి ఉంది, ముందు వరసలో పిల్లలు కింద కూర్చుని ఉన్నారు. ధర అడిగాను. చెప్పారు. కొనలేకపోయాను.

ఇక్కడి ఇబ్బందులు కూడా విప్పి చెప్పాలి. ప్రయాణం ఖరీదైనది. ఫ్లైట్‌లో మదురై, అక్కడి నుంచి కారులో 90 కిలోమీటర్ల దాకా. శనివారం ఉదయం ఫ్లైట్ దొరికితేనే రెండు రోజులు సరిపోతాయి. గడపలు ఎత్తు, కాబట్టి పెద్దవాళ్లకి కింది గదే ఇమ్మని బుకింగ్ అప్పుడే అడగండి. మార్చి దాటితే ఎండ భరించలేం, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళ్లాలి. ఏదో ఒకటి జరుగుతూ ఉండాలనుకునే పిల్లలకి రెండో పూటకే బోర్ కొడుతుంది.

## మన గడులు, కోటల సంగతి

ఇంత దూరం ఎందుకు, మన దగ్గర ఇలాంటివి లేవా అని అడుగుతారు. ఉన్నాయి. గడి అంటే తెలంగాణలో దొరల కోట లాంటి ఇల్లు. కామారెడ్డి జిల్లా దోమకొండ గడిని దాని సొంతదారుల కుటుంబం శ్రద్ధగా బాగుచేయించింది, 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం వచ్చింది. హైదరాబాద్ నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చు. ప్రైవేటు ఆస్తి కాబట్టి ముందే కనుక్కుని వెళ్లండి. వనపర్తి సంస్థానం ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. 1713లో మొదలైన విజయనగరం కోటలోనూ కాలేజీలే. విశాఖ వాళ్లకి అది ఒక పూట పని. రాత్రి ఉండి, భోంచేసి, పొద్దున్నే వసారాలో కూర్చునేలా చెట్టినాడులో జరిగిన పని మన గడుల్లో ఇంకా పెద్దగా జరగలేదు. జరగాలని నాకు చాలా కోరిక.

## ఎవరికి ఏది

కొత్త జంటకి, పెద్ద పెళ్లిరోజుకి ఫలక్‌నుమాలో ఒక రాత్రి. అంత వద్దనుకుంటే హై టీ. అదే డబ్బుతో చెట్టినాడులో ఇద్దరికీ రెండు రాత్రులు గడిచి, ఫ్లైట్ టికెట్లలో కొంత కూడా తేలుతుంది. మెరుపు కావాలో, తీరిక కావాలో మీరిద్దరూ మాట్లాడుకోండి.

అరవై దాటిన అమ్మానాన్నలతో అయితే చెట్టినాడు, సందేహం లేదు. వాళ్లు పుట్టిపెరిగిన ఇళ్లు గుర్తొచ్చి వాళ్లే మాట్లాడటం మొదలుపెడతారు. ప్రయాణం చేయలేని పరిస్థితైతే చౌమహల్లా, ఉదయం పూట.

పదేళ్ల లోపు పిల్లలకి చౌమహల్లా, లేదా సోమవారం సెలవు పెట్టగలిగితే మైసూరు. చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లకి చంద్రగిరి, ఈసారి తిరుపతి టికెట్ తీసినప్పుడే. విదేశాల నుంచి వారం రోజులకి వచ్చిన పిల్లలకి ఊళ్లోనే చౌమహల్లా, ఫలక్‌నుమా. వాళ్లని మళ్లీ ఇంకో ట్రైన్ ఎక్కించకండి.

ఏది ఎంచుకున్నా ఒక్క వీకెండ్‌కి ఒక్క ఊరే పెట్టుకోండి. మైసూరుతో పాటు ఊటీ, చెట్టినాడుతో పాటు రామేశ్వరం, మదురై అని కలిపేస్తే ఏదీ మిగలదు, కారు సీటే గుర్తుంటుంది. బుక్ చేసేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: గది పాత భవనంలోనా, వెనక కొత్తగా కట్టిన బ్లాకులోనా? కింది అంతస్తులో దొరుకుతుందా? ఇల్లు తిప్పి చూపించి కథ చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒకచోట ఈ మొదటి ప్రశ్న అడగక నేను దెబ్బతిన్నాను. ఫొటోలో ఉన్న మేడకి డబ్బు కట్టి, ఆ మేడ వెనక గోడ కనిపించే కొత్త గదిలో రెండు రాత్రులు పడుకున్నాను.